రొయ్యల షెడ్డులో దొరికిన టాపులేని కారు: నా ప్రాజెక్టు డైరీ

2024 మార్చి 17, ఆదివారం

ఈరోజు బండి ఇంటికొచ్చింది. వచ్చిందంటే తనంతట తాను నడిచి రాలా. అల్లూరు అవతల రొయ్యల చెరువు గట్టు మీద మోటారు షెడ్డులో, పాత ఏరేటర్ల (చెరువు నీళ్ళని చిమ్మి గాలి కలిపే మోటార్లు) పక్కన పద్నాలుగేళ్ళుగా పడుండాది, టైర్లు నాలుగూ నేలకి అతుక్కుపోయుండాయి, ఐదుగురం తోసి గట్టు అంచుదాకా తెచ్చి, లారీని గట్టు కిందకి రివర్సులో పెట్టించి, గట్టు ఎత్తూ లారీ బాడీ ఎత్తూ దాదాపు ఒకటే కాబట్టి మధ్యలో రెండు చెక్కలేసి లోపలికి నెట్టేశాం. క్రేను ఖర్చు మిగిలింది.

బండి పేరు సాన్ స్టార్మ్. చూసినోళ్ళందరూ ఫారిన్ కారా అంటారు, కాదు, గోవాలో తయారైంది. 1998లో వచ్చింది. డిజైన్ ఫ్రాన్స్ వాళ్ళది, ఇంజన్ రెనాల్ట్ వాళ్ళ 1,149 సీసీ పెట్రోల్, నాలుగు సిలిండర్లు, 60 హార్స్ పవర్. బాడీ ఫైబర్, కింద ఇనప చాసీ. రెండే సీట్లు, మడిచి వెనక్కి పడేసే గుడ్డ టాపు. నాది 2002 బండి, ఏపీ 26 నంబరు, అంటే పుట్టింది గోవా అయినా పెరిగిందంతా నెల్లూరే. స్పోర్ట్స్ కారంటే రెండొందల స్పీడు అనుకునేవాళ్ళకి ఇది స్పోర్ట్స్ కారు కాదు. నేలకి జానెడు ఎత్తులో కూర్చుని నెత్తి మీద ఆకాశం పెట్టుకుని పోతుంటే అరవైలో పోతున్నా వందలో ఉన్నట్టుంటాది, అదీ దీని స్పోర్టు.

లక్షా పదికి బేరం కుదిరింది. బండి అమ్మిన పెద్దాయన టైగర్ రొయ్య బాగా పలికిన రోజుల్లో కొన్నాడంట, తర్వాత రెండు పంటలకి వరసగా తెల్లమచ్చ రోగం తగిలేసరికి బండి షెడ్డులోకి పోయింది. తాళం చెయ్యి ఇస్తా "అబ్బయా, అమ్ముకునేదానికైతే తీసుకుపోవద్దు" అన్నాడు. అమ్మను పెదనాయనా, నేనే తోలుకుంటా అని చెప్పినా.

ఇంట్లో మాత్రం గొడవ. మాకు ఇద్దరు పిల్లలు, బండికి రెండు సీట్లు, ఆ లెక్క ఎట్టా కుదరతాదో చెప్పమని మా ఆవిడ అడిగింది, నా దగ్గర సమాధానం లేదు. మా నాయన చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "టాపు లేనిదే కావాలంటే మనకి ట్రాక్టరుండాది కదరా" అన్నాడు.

మార్చి 24

లోపల శుభ్రం చెయ్యడానికే వారం పట్టింది. హీటర్ బ్లోవర్ లో ఎలక గూడు, అందులో వరిగడ్డి, సీటు స్పాంజి, రొయ్యల మేత బస్తా ముక్కలు. డ్రైవర్ సీటు ఊడదీస్తే కింద పాము కుబుసం, మూరన్నర ఉంటాది, తెగకుండా నిలువునా. మా చిన్నోడు దాన్ని స్కూలుకి తీసుకుపోతా అని ఒకటే ఏడుపు. ఎలకల కోసం పాము వచ్చుంటాది, లెక్క సరిపోయింది, ఇప్పుడు ఇద్దరూ లేరు.

బాగున్నవి: చాసీ. ఇది నేను అసలు ఊహించలా, ఉప్పుగాలిలో అన్నేళ్ళుంది కదా, పొడి పొడిగా రాలతాదేమో అనుకున్నా. సుత్తెతో ఒక్కో జాయింటూ కొట్టి చూసినా, పైపైన తుప్పే. పెద్దాయన షెడ్డులో పెట్టేముందు కింద మొత్తం పాత ఇంజన్ ఆయిల్ పూయించాడంట. డోర్లు పడతా ఉండాయి, కుడిది బాగా, ఎడమది లాగి కొడితే.

బాగలేనివి: వైరింగు, టాపు, టైర్లు, బ్రేకులు, పెట్రోలు లైను, బంపర్ మూలలో అరచెయ్యంత చిల్లు, బానెట్టు మీద సాలెగూడు లాంటి చీలికలు. ఇదంతా బండి తప్పు కాదు, ఎవర్నయినా పద్నాలుగేళ్ళు రొయ్యల షెడ్డులో పడేస్తే ఇట్టానే ఉంటారు.

ఏప్రిల్ 14

వైరింగు నా ఏరియా. నాది మోటార్ వైండింగ్ షాపు, బోరు మోటార్లు, ఏరేటర్ మోటార్లు, రోజూ రాగి వైర్ల మధ్యే బతుకు, అందుకని ఇది రెండు ఆదివారాల పని అనుకున్నా. నాలుగయినాయి.

ఎలక కొరికిన వైర్లు కనిపెట్టడం సులభం, కొరికినచోట తెలిసిపోతాది. నన్ను తిప్పలు పెట్టింది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి. మామూలు కారులో బాడీ ఇనుమే కాబట్టి బ్యాటరీ మైనస్ బాడీకి తగిలిస్తే యాడ బల్బు పెట్టినా పక్కనున్న స్క్రూలో ఎర్త్ దొరుకుతాది. దీని బాడీ ఫైబర్, ఫైబర్ కరెంటు పోనివ్వదు. అందుకని ప్రతి బల్బు దగ్గర్నుంచీ ఒక నల్ల వైరు వెనక్కి చాసీ దాకా రావాల. ఆ నల్ల వైర్ల కొసలన్నీ కుప్పేసి రెండు మూడు బోల్టుల కింద బిగించుండారు. ఉప్పుగాలికి ఆ బోల్టులు తెల్లగా పచ్చగా పూలు పూసినట్టుండాయి. దాంతో ఏమయిందంటే, ఎడమ ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కొట్టుకుంటా ఉండాది, హెడ్ లైట్ వేస్తే మీటర్ బల్బులు మసకబారిపోతా ఉండాయి. కరెంటుకి ఇంటికి పోయే దారి మూసుకుపోతే పక్కింట్లోంచి దూరి పోతాది, ఇంకో బల్బు ఫిలమెంటు మీదుగా. ఫ్యూజులు మార్చుకుంటా కూర్చుంటే ఈ జబ్బు జన్మకి దొరకదు.

ఎట్టా పట్టుకున్నానంటే, హెడ్ లైట్ వేసి ఉంచి మల్టీమీటర్ ఒక కొస బల్బు నల్ల వైరుకి, ఇంకోటి నేరుగా బ్యాటరీ మైనస్ కి పెట్టినా. సున్నాకి దగ్గరగా రావాల. 3.8 వోల్టులు వచ్చింది. పన్నెండులో నాలుగు తుప్పే తింటా ఉంటే బల్బు ఏం వెలుగుతాది పాపం. బోల్టులు విప్పి, చాసీ మెరిసేదాకా గీకి, కొత్త లగ్గులు క్రింప్ చేసి సోల్డర్ పెట్టి, బిగించి పైన గ్రీజు పూసినా. ఇప్పుడు 0.1.

ఇంకోటి, డాష్ కింద స్టీరింగుకి ఎడంపక్క మోకాలికి తగిలేచోట ఒక చిన్న టగుల్ స్విచ్ ఉండాది, కంపెనీది కాదు, ఎవరో తర్వాత పెట్టించింది. దాన్నుంచి రెండు వైర్లు ముందుకి పోతా ఉండాయి, మధ్యలో ఎలక కొరికేసుండాది, అవతలి కొస దొరకలా. ఫాగ్ లైట్లకేమో అనుకుని పీకేసినా. పనిలేని వైరు బండిలో ఉంటే నాకు నిద్రపట్టదు.

మే 26

నిన్నట్నుంచి రోహిణి కార్తె. ఈ కార్తెలో ఫైబర్ పని పెట్టుకున్నోడికి బుర్ర లేదనే అర్థం.

బంపర్ చిల్లు, బానెట్టు చీలికలు మూసేదానికి ఆటోనగర్ లో ముగ్గుర్ని అడిగినా, ముగ్గురూ ఇనప రేకు పనివాళ్ళే, పుట్టీ పెట్టి పెయింటు కొట్టేస్తాం అన్నారు. ఫైబర్ మీద ఉత్త పుట్టీ నిలవదు, మళ్ళీ చీలతాది. సరే నేనే చేద్దామని రెసిన్ (జిగురు), మ్యాట్ (గాజుపోగుల గుడ్డ), కేటలిస్టు (రెసిన్ ని గట్టిపరిచే మందు) తెచ్చుకుని, పదకొండు గంటలకి వాకిట్లో మొదలుపెట్టినా. మగ్గులో రెసిన్ పోసి, డబ్బా మీద రాసిన లెక్క ప్రకారం కేటలిస్టు కలిపి, బ్రష్షు యాడుందా అని లోపలికి పోయొచ్చేలోపు మగ్గు పొగలు కక్కతా ఉండాది. ముట్టుకుంటే కాలింది. ప్లాస్టిక్ మగ్గు కరిగి అడుగు ఊడి, లోపల రెసిను రాయిలాగా, ఇప్పటికీ అది మా గేటుకి అడ్డుగా పెట్టుకుంటా ఉండాం.

అప్పుడు మా షాపుకి బోటు మోటార్లు తెచ్చే మైపాడు మావ గుర్తొచ్చినాడు. 2004 సునామీ తర్వాత ఈ తీరమంతా ఫైబర్ బోట్లు బాగా పెరిగినాయి కదా, ఆయన ఇరవై ఏళ్ళుగా వాటికి అతుకులేసే పని. ఫోన్ చేస్తే "కారుకి అతుకా?" అని కాసేపు నవ్వి, వస్తానన్నాడు.

జూన్ 9

మావ పొద్దున ఐదున్నరకే దిగినాడు. ముందు టీ కూడా తాగకుండా జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి బానెట్టు మీద అంగుళం అంగుళం కొడతా పోయినాడు. టక్ టక్ టక్, టక్ టక్, ఒకచోట డప్ అనింది. అక్కడ చాక్ పీస్ తో గుండ్రం చుట్టినాడు. "పైకి చీలిక లేదు గానీ లోపల పొర విడిపోయింది, ఇది ముందు తెరవాల" అన్నాడు. నేను కళ్ళకి కనపడే చీలికలే లెక్కబెట్టుకున్నా. ఆయన బిళ్ళతో అట్టాంటివి ఇంకో మూడు పట్టినాడు.

పని చేసిన పద్ధతి రాసి పెడతా ఉండా, నాకే మళ్ళీ పనికొస్తాది. చిల్లు అంచుల్ని గ్రైండర్ తో వెనక వైపు నుంచి ఏటవాలుగా అరగదీయాల, నిలువు అంచు ఉంటే అతుకు పట్టదు, మందం ఎంతో దానికి పది పన్నెండు రెట్లు వెడల్పుగా ఆ వాలు ఉండాల. చీలికలయితే పైన పుట్టీ రుద్దడం కాదు, చీలిక అడుగుదాకా వీ ఆకారంలో గాడి తీసి నింపాల. మ్యాట్ ని కత్తెరతో కోయకూడదు, చేత్తో చింపాల, అప్పుడు అంచు పోగులు పక్క పొరలో కలిసిపోతాయి. బ్రష్షుతో రెసిన్ రుద్దకూడదు, పొడవాల, రుద్దితే మ్యాట్ జరిగిపోతాది. తెల్లగా ఉన్న మ్యాట్ తడిసి గాజులాగా అయిపోయిందంటే సరిపోయినట్టు, ఇంకా తెల్ల చుక్కలుంటే అవి గాలి బుడగలు, రోలరుతో బయటికి నెట్టాల. మూడు పొరలు వేసినాం.

కేటలిస్టు సంగతి అడిగితే మావ "డబ్బా మీద రాసింది ఏసీ రూములో కూర్చుని రాసినోడి లెక్క, మనది పొద్దు లెక్క" అన్నాడు. పొద్దున ఆరింటికి ఒకటిన్నర శాతం, ఎనిమిదికి ఒకటి, తొమ్మిది దాటితే బ్రష్షు కడిగి పెట్టెయ్యడమే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పినాడు, కోబాల్ట్ నీ (రెసిన్ త్వరగా గట్టిపడేదానికి కలిపే ఇంకో మందు) కేటలిస్టునీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు, పేలతాది. ముందు రెసిన్ లో కోబాల్ట్ కలిపి బాగా తిప్పి, ఆ తర్వాతే కేటలిస్టు. ఆయన రెండు సీసాల్నీ ఒక సంచిలో కూడా పెట్టుకోడు, ఒకటి బండి డిక్కీలో, ఇంకోటి ముందు కవర్లో.

కూలి తీసుకోమంటే, బోటు మోటార్ ఒకటి ఫ్రీగా చుట్టివ్వమన్నాడు. సరే.

జూలై 21

స్టార్ట్ అయింది!!

ముందు కథ చెప్పాల. టైమింగ్ బెల్టు (ఇంజన్ లో వాల్వులూ పిస్టన్లూ లెక్క తప్పకుండా కదిలేటట్టు చేసే రబ్బరు పట్టీ) మార్చకుండా సెల్ఫ్ కొట్టకూడదని మొదటిరోజే ఒట్టు పెట్టుకున్నా. బెల్టు కిలోమీటర్ల లెక్కన ఎంత అరుగుతాదో ఏళ్ళ లెక్కన అంత ఎండిపోతాది, రబ్బరే కదా. కానీ ఈ ఇంజన్ మన దగ్గర ఇప్పుడు తిరిగే రెనాల్ట్ కార్లలో లేదు. దీన్ని డీ7ఎఫ్ అంటారు, యూరప్ లో ట్వింగో, క్లియో, కంగూ లాంటి బండ్లలో వచ్చింది. అంటే అక్కడ ఇది మన మారుతి 800 ఇంజన్ లాగా ఊరూరా ఉండేది, పార్టులకి కరువు లేదు, ఇక్కడికి రావడమే ఆలస్యం. బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కిట్టు ఆర్డర్ పెట్టి ఐదువారాలు రోజూ పోస్టుమాన్ మొహం చూస్తా కూర్చున్నా.

ఈలోపు పెట్రోలు పని. ట్యాంకు దించితే లోపల పాత పెట్రోలు వార్నిష్ లాగా గోధుమరంగు, వాసనకి కళ్ళు మండినాయి. కడిగించి, పైపులన్నీ మార్చినా. పాతవి పైకి బాగానే ఉండాయి కానీ వేళ్ళతో మడిస్తే లోపల పగుళ్ళు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఆ కాలం రబ్బరు దానికి తట్టుకోదు, మెత్తబడి, ఊరిపోయి, ఆఖరికి చీలతాది. ఇంజెక్షన్ బండి కాబట్టి లైనులో ప్రెషరు కూడా ఉంటాది, మామూలు కార్బురేటర్ పైపు వాడితే ఏరోజో ఇంజన్ మీదే పెట్రోలు చిమ్ముతాది. ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) హోస్ అని అడిగి తెచ్చుకోవాల, రేటు మూడింతలు, ఇక్కడ మాత్రం కక్కుర్తి పడొద్దు.

బెల్టు విప్పేముందు పుల్లీల మీదా, వెనక కవర్ మీదా తెల్ల పెయింటుతో గుర్తులు పెట్టినా. ప్లగ్గులు తీసి సిలిండర్ కి ఒక చెంచా ఆయిల్ పోసి రెండురోజులు ఊరబెట్టి, స్పానర్ తో చేత్తో తిప్పినా. తిరిగింది. ఆ నిమిషం మాత్రం ఒళ్ళు జలదరించింది. కొత్త బెల్టు ఎక్కించాక చేత్తోనే రెండు చుట్లు పూర్తిగా తిప్పి గుర్తులు మళ్ళీ చూసుకున్నా, ఒక పన్ను తప్పినా బండి సరిగ్గా నడవదు.

నాలుగో సెల్ఫ్ కి అందుకుంది. రొయ్యల చెరువు వాసన కొట్టే పొగ ఒకటి వీధంతా కమ్మింది, ఎదురింటావిడ దోమల మందు కొడతా ఉండారనుకుని పిల్లల్ని లోపలికి లాక్కుపోయింది.

ఆగస్టు 20

కాగితాలు. క్లుప్తంగా చెప్తా, దీని గురించి ఎక్కువ రాస్తే నాకే బీపీ వస్తాది. పేరు మార్పుకి ఫారం 29, 30, రిజిస్ట్రేషన్ రెన్యువల్ కి ఫారం 25. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి రెన్యువల్ ఐదేళ్ళకే ఇస్తారు, నా కారుకి అప్పుడు, 2024లో, ఫీజు 5,000 పడింది, లేటు ఫైన్ వేరే.

ఇన్ స్పెక్టర్ గారు చూడగానే అడిగిన మొదటి మాట "టాపు కోయించావా?" అది న్యాయమైన అనుమానమే, కంపెనీ ఇచ్చిన రూపం మనిష్టానికి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, జిప్సీలూ జీపులూ టాపు కోసేసి తిరిగేవాళ్ళు ఆయనకి వారానికి ఇద్దరు తగులుతారంట. పాత ఆర్సీ చూపించినా, అందులోనే బాడీ రకం దగ్గర రాసుండాది. చాసీ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్ తో రుద్ది ముద్ర తీసినారు, ఆ నంబర్ యాడుందో వెతకడానికే ముక్కాలు గంట. పని అయిపోయాక ఆయనే "ఒక రౌండ్ వేద్దామా" అన్నాడు.

సెప్టెంబర్ 8

నిన్న చవితి. ఈరోజు టాపు కుట్టుడు.

పాత టాపు ముట్టుకుంటే అప్పడంలాగా విరిగిపోయింది, వెనక ప్లాస్టిక్ కిటికీ పసుపుపచ్చగా. కార్ల సీటు కవర్ల షాపుల వాళ్ళు మావల్ల కాదన్నారు. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఆటోలకి టాపు కుట్టే భాయ్ మాత్రం చూసి "ఆటోకి మూడు చక్రాలు, దీనికి నాలుగు, అంతేగా" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే కూడా, ఆలోచిస్తే ఫ్రేము మీద రెగ్జిన్ లాగి కట్టడం, వెనక ట్రాన్స్ పరెంట్ షీటు పెట్టడం, వాన కారకుండా కుట్టు దాచడం, ఈ పని ఊళ్ళో రోజూ చేసేది ఆటోవాళ్ళ దర్జీలే.

పాతదాన్ని కుట్లు విప్పి ముక్కలు ముక్కలుగా పరిచి అచ్చు తీసుకున్నాడు. కుట్టు మడత ఎటు పడాలో భాయ్ చెప్పే తీరు బాగుండాది, పెంకుల మాదిరి పైది కిందిదాని మీద పడాల, నీళ్ళు మడత దాటి పోవాలే గానీ మడతలోకి రాకూడదు. దారానికి కొవ్వొత్తి మైనం రుద్ది కుట్టినాడు, సూది చిల్లులు మైనంతో పూడిపోతాయంట.

మధ్యాహ్నం రెండుకి ఎండలో ఫ్రేమ్ మీద బిగించినాం. నేను ఇంకా లాగు, ఇంకా లాగు అంటా ఉండా, ఒక్క ముడత కూడా ఉండకూడదని. భాయ్ "వద్దన్నా, ఎండకి సాగుండాది, కాస్త వదులు పెట్టాల" అన్నాడు. నేను వినలా. డప్పులాగా మోగతా ఉండాది, నాకు భలే సంతోషం.

సెప్టెంబర్ 9

పొద్దున ఐదుకి లేచి చూద్దును కదా, రాత్రి టాపు తెరిచి పెట్టుండా, ఇప్పుడు వెయ్యబోతే ముందు క్లాంపు అద్దం ఫ్రేముని అందుకోవట్లా. రెండు వేళ్ళ సందు. నేను ఫ్రేముకి వేలాడి లాగితే వెనక కుట్టు చిట్ చిట్ మనింది, వదిలేసినా. మధ్యాహ్నం పన్నెండుకి ఎండ తగిలాక అదే టాపు హాయిగా వచ్చి కూర్చుంది. రెగ్జిన్ చల్లబడితే బిగుసుకుంటాది, వేడికి సాగతాది, ఇంత చిన్న సంగతి రాగితీగలతో బతికేవాడికి ఒకరు చెప్పాల్నా.

భాయ్ దగ్గరికి పోయి నిలబడితే ఏమీ అనలా. వెనక పట్టీ విప్పి అరంగుళం వదిలి మళ్ళీ కుట్టినాడు. ఇప్పుడు మధ్యాహ్నం చూస్తే పైన చిన్న అల ఒకటి కనపడతాది. ఉండనీ.

అక్టోబర్ 17

వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది, మూడురోజులుగా వాన. వాన పరీక్షకి ఇంతకంటే మంచిరోజు రాదని బండిని వాకిట్లోకి తోసి లోపల టార్చి పట్టుకుని కూర్చున్నా. మా ఆవిడ వరండాలోంచి చూస్తా ఉండాది, ఏమీ మాట్లాడలా, ఇంకా దారుణం.

టాపు కుట్లలోంచి ఒక్క చుక్క రాలా, భాయ్ జిందాబాద్. నీళ్ళు వచ్చింది రెండుచోట్ల, కిటికీ అద్దం టాపుని తాకే మూలలో, ఇంకా ఎడమ డోరు కింద. కిటికీ మూలకి కొత్త రబ్బరు బీడింగ్ వేస్తే సరిపోతాది. ఎడమ డోరు సంగతి వేరే, డోరు అడుగున నీళ్ళు బయటికి పోయే చిల్లులుంటాయి, వాటిల్లో పద్నాలుగేళ్ళ మట్టి. సైకిల్ చువ్వతో పొడిస్తే చెంబెడు బురద కారింది. లాగి కొడితే తప్ప ఆ డోరు ఎందుకు పడట్లేదో కూడా అప్పుడర్థమయింది, ఆ బరువుకి కిందకి వాలిపోయుండాది.

నవంబర్ 10

రెండువారాల కింద మొదటి అసలు రైడు, ఇందుకూరుపేట మీదుగా మైపాడు. టాపు దించి, పొద్దున ఐదున్నరకి.

రెండు సంగతులు తెలిసినాయి. గాలి ముందునుంచి కొట్టదు, అద్దం దాటి పైనుంచి పోయి సీట్ల వెనక సుడి తిరిగి మెడ మీదకి వెనక్కి వస్తాది. జుట్టంతా ముందుకి ఎగరతా ఉండాది. కిటికీ అద్దాలు రెండూ పైకెత్తితే సగం తగ్గింది. మిగతా సగానికి, బోర్డులు చేసే షాపులో ఆరు ఎంఎం యాక్రిలిక్ షీటు కోయించి సీట్ల వెనక నిలువుగా పెట్టినా, ఇప్పుడు ఎనభైలో మాట్లాడుకోవచ్చు. నాలుగొందల ఖర్చు.

రెండోది వణుకు. గతుకుల్లో రేర్ వ్యూ అద్దం జిలజిలలాడతాది, స్టీరింగు కాలమ్ సన్నగా కదులుతాది. ఏదో లూజని రెండువారాలు బోల్టులన్నీ బిగించినా, ఏమీ లూజు కాదు. అగ్గిపెట్టెలో పుల్లలుండే లోపలి డబ్బా బయటికి తీసి రెండు చివర్లూ పట్టుకుని మెలిపెట్టి చూడండి, సులువుగా మెలిదిరుగుతాది. దాన్నే పైతొడుగులో పెట్టి మెలిపెడితే కదలదు. కారుకి ఇనప టాపు ఆ పైతొడుగు. అది లేనప్పుడు ఆ బలమంతా కింద చాసీయే మొయ్యాల, ఎంత మోసినా కొంచెం ఊగతాది. టైర్లలో గాలి రెండు పాయింట్లు తగ్గిస్తే కొంచెం నయం.

స్పీడ్ బ్రేకర్ల గురించి చెప్పక్కర్లా. కొన్ని ఊళ్ళల్లో వాళ్ళే సిమెంటు పోసుకున్న దిబ్బలు. ఒక చక్రం తర్వాత ఒక చక్రం ఎక్కేటట్టు ఏటవాలుగా తిప్పి ఎక్కించాల, వెనకొచ్చే ఆటోవాడు తిట్టుకుంటాడు, తిట్టుకోనీ.

2025 జనవరి 19

రాపూరు ఘాట్!

నెల్లూరులో ఈ కారుతో ఉన్న చిక్కేందంటే ఊరు చుట్టూ బల్లపరుపు. హైవే అంటే గీత గీసినట్టు, మలుపు కావాలంటే పడమటికి పోవాల. పొదలకూరు దాటేటప్పటికి ఇంకా చీకటి, నిమ్మకాయల బస్తాల లారీ వెనక ఓ పది నిమిషాలు ఇరుక్కుపోయినా, ఇంకో కారయితే హారన్ కొట్టి దాటేవాణ్ణి. టాపు లేకపోతే ఆ వాసన మొత్తం మనదే. దాటాలనిపించలా.

రాపూరు నుంచి చిట్వేలు వైపు వెలిగొండల్లోకి ఎక్కాక మూడో గేరు, రెండో గేరు, మూడో గేరు. అరవై హార్స్ పవర్ ఇక్కడ చక్కగా సరిపోయింది, ఉన్నదంతా వాడుకోవచ్చు, పెద్ద ఇంజన్ బండి ఈ రోడ్డు మీద సగం కాలు కూడా తొక్కలేదు. మలుపులో బండి పక్కకి వాలదు, నడుము కిందనుంచే తిరిగినట్టుంటాది. కుడివైపు లోయ, పైన కొమ్మలు నెత్తి మీదుగా పోతా ఉండాయి, కోతులు రెండు గోడ మీద కూర్చుని లోపలికి తొంగి చూసినాయి, అప్పుడు మాత్రం కొంచెం భయమేసింది, మూసుకోడానికి ఏముండాది.

పక్క సీట్లో మా ఆవిడ. దిగేటప్పుడు చున్నీ తలకి గట్టిగా కట్టుకుని "ఇంకోసారి పైకి పోదామా" అనింది. పిల్లలు వాళ్ళమ్మమ్మ ఇంట్లో ఉండారు, లెక్క అట్టా కుదిరింది.

మార్చి 16

పెద్దాయనకి మాటిచ్చినా కదా, ఈరోజు బండి చూపిద్దామని అల్లూరు పోయినా. కోతల టైము, రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోసుండారు, ముందు ట్రాక్టరు పోతే ఆ నూగు మొత్తం లేచి టాపులేని కారులోకే వస్తాది. చొక్కా లోపల, చెవుల్లో, యాడ చూసినా దురద. ఈ నెలంతా టాపు వేసుకునే తోలాల, రాసుకోండి.

ఆయన బండి చుట్టూ తిరిగి బంపర్ అతుకు వేలితో తడిమి చూసినాడు, యాడ అతికినారో కనుక్కోలేకపోయినాడు. ఎక్కు పెదనాయనా అంటే, నేను డ్రైవింగ్ సీటు ఇస్తాననుకుని నేరుగా అటు పోయినాడు. సరే అని తాళం ఇచ్చినా. డెబ్భై దాటినాయి ఆయనకి, చెప్పులు విడిచి గట్టు మీద పెట్టి, ఒట్టి కాళ్ళతో క్లచ్ తొక్కి, ఒక్క జర్కు లేకుండా మొదటి గేరులో తీసినాడు. చెరువుల మధ్య మట్టిరోడ్డు మీద మూడు కిలోమీటర్లు తోలినాడు, ఏరేటర్లు రెండువైపులా నీళ్ళు చిమ్ముతా ఉండాయి.

రైలు గేటు పడుండాది. ఇంజన్ ఆపకుండా నిలబెట్టి, పక్కకి చూడకుండానే స్టీరింగు కింద ఎడంపక్కకి చెయ్యి పెట్టి తడుముతా ఉండాడు. మళ్ళీ తడిమినాడు. వంగి చూసినాడు.

"ఈడ స్విచ్చి ఉండాలే అబ్బయా."

ఏం స్విచ్చి పెదనాయనా అన్నా, అప్పటికే నాకు కడుపులో దేవినట్టయింది.

"రేడియేటర్ ఫ్యాను స్విచ్చి. ఎండాకాలం గేటు కాడ ఆగినప్పుడు తనంతట అది తిరిగేలోపు వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా పోతాది. అందుకే విడిగా పెట్టించినా. నువ్వేం చేసినావు దాన్ని?"

ముల్లు చూస్తే ముక్కాలు దాటుండాది. గేటు ఇంకా లేవలా. ఇంజన్ ఆపేసి కూర్చున్నాం.

ఈ వారం పని: టగుల్ స్విచ్ ఒకటి, పది మీటర్ల రెండున్నర ఎస్క్యూ ఎంఎం మందం వైరు, ఒక 30 ఆంప్ రిలే. ఏప్రిల్ రాకముందే.